నిల్వ, బాకీ: 2,000 గజాల సీజన్ల పట్టిక డైరీ

1వ రోజు: ఏం కట్టబోతున్నాం

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్ఎల్‌లో ఒక్క సీజన్‌లో 2,000 గజాలు, ఆపైన పరిగెత్తిన రన్నింగ్ బ్యాక్‌లు (బంతి పట్టుకుని పరిగెత్తడమే ముఖ్య పనిగా ఉన్న ఆటగాళ్లు) 2024 సీజన్ వరకు తొమ్మిది మంది. అందరికీ తెలిసిన జాబితాలో వీళ్లు మొత్తం గజాల వరసలో ఉంటారు. ఎరిక్ డికర్సన్ 2,105తో పైన, ఓ.జే. సింప్సన్ 2,003తో అట్టడుగున. జాబితాలో తప్పు లేదు. కానీ సింప్సన్ ఆడినవి 14 గేములు, డికర్సన్ ఆడినవి 16. ఈ ఒక్క తేడా కనపడేలా గేము గేముకీ లెక్క వేసి, తొమ్మిది సీజన్లనీ ఒకే చార్ట్ మీద పెట్టడం ఈ ప్రాజెక్టు పని.

కొలత గురించి ఒక మాట. యార్డు అంటే మన గజమే, మూడడుగులు. కాబట్టి మార్పిడి లెక్కలు అక్కర్లేదు. ఇళ్ల స్థలాల దగ్గర "200 గజాలు" అంటే చదరపు గజాలు. ఇక్కడ మాత్రం పొడవే.

కావలసినవి తక్కువ. ఒక స్ప్రెడ్‌షీట్ (లిబర్ఆఫీస్ కాల్క్ చాలు), 1999 తర్వాతి సీజన్లకు ఎన్‌ఎఫ్ఎల్‌వర్స్ వాళ్లు ఉచితంగా ఇచ్చే ప్లే బై ప్లే డేటా (గేములోని ఒక్కో ఆటని, అంటే ఒక్కో ప్లేని, విడిగా రాసిన పట్టిక), దాన్ని చదవడానికి పైథాన్‌లో పాండాస్ అనే లైబ్రరీ. 1999కి ముందు సీజన్లు నాలుగు: సింప్సన్ 1973, డికర్సన్ 1984, బ్యారీ శాండర్స్ 1997, టెరెల్ డేవిస్ 1998. వీటికి బాక్స్ స్కోర్లు (ఒక్కో గేము అంకెల పట్టికలు) చూసి చేత్తో ఎక్కించడమే దారి.

2వ రోజు: మూల పట్టిక

ముందుగా సీజన్ మొత్తాలు ఎక్కించాం. తర్వాత వేసే ప్రతి లెక్కా చివరికి వీటితో కలవాలి. పేరు, ఏడాది, క్యారీలు (బంతి పట్టుకుని పరిగెత్తిన సార్లు), గజాలు, ఆడిన గేములు:

సింప్సన్, బఫలో బిల్స్, 1973: 332 క్యారీలు, 2,003 గజాలు, 14 గేములు.
డికర్సన్, లాస్ ఏంజిలస్ రామ్స్, 1984: 379, 2,105, 16.
శాండర్స్, డెట్రాయిట్ లయన్స్, 1997: 335, 2,053, 16.
డేవిస్, డెన్వర్ బ్రాంకోస్, 1998: 392, 2,008, 16.
జమాల్ లూయిస్, బాల్టిమోర్ రేవెన్స్, 2003: 387, 2,066, 16.
క్రిస్ జాన్సన్, టెనెసీ టైటన్స్, 2009: 358, 2,006, 16.
ఏడ్రియన్ పీటర్సన్, మిన్నెసోటా వైకింగ్స్, 2012: 348, 2,097, 16.
డెరిక్ హెన్రీ, టెనెసీ టైటన్స్, 2020: 378, 2,027, 16.
సేక్వాన్ బార్క్లీ, ఫిలడెల్ఫియా ఈగల్స్, 2024: 345, 2,005, 16.

చివరి వరస దగ్గర ఆగాలి. 2024లో సీజన్ 17 గేములు. బార్క్లీ ఆడింది 16. ఆఖరి గేముకి ముందు డికర్సన్ రికార్డు దాటడానికి 101 గజాలు కావాలి. ప్లేఆఫ్ (సీజన్ తర్వాతి నాకౌట్ గేములు) స్థానం ఖాయమైపోవడంతో టీమ్ అతనికి విశ్రాంతి ఇచ్చింది. ఆ గేము సెల్‌లో సున్నా వేస్తే సగటు 117.9కి పడిపోతుంది. ఖాళీగా వదిలితే 125.3. ఆడని గేముకీ, ఆడి గజం కూడా రాని గేముకీ తేడా ఉంది. స్ప్రెడ్‌షీట్ సగటు ఫార్ములా ఖాళీ సెల్‌ని లెక్కలోకి తీసుకోదు, సున్నాని తీసుకుంటుంది. కాబట్టి ఆడని గేముకి ఖాళీ అని మొదటి రోజే నియమం పెట్టుకున్నాం.

క్రికెట్ చూసేవాళ్లకి ఇది సులువుగా తడుతుంది. గేముకి గజాలు బ్యాటింగ్ సగటు లాంటిదనుకుంటే, క్యారీకి గజాలు స్ట్రైక్ రేట్ లాంటిది. రెండూ పక్కపక్కన లేకపోతే బ్యాటర్ ఎలాంటివాడో తెలియదు. ఇక్కడా అంతే.

4వ రోజు: చేత్తో ఎక్కించిన నాలుగు సీజన్లు

సింప్సన్ 1973 వరస ఇది: 250, 103, 123, 171, 166, 55, 157, 79, 99, 120, 124, 137, 219, 200. కూడితే 2,003. మూల పట్టికతో కలిసింది.

డికర్సన్ 1984: 138, 102, 49, 89, 120, 107, 175, 145, 38, 208, 149, 132, 191, 149, 215, 98. మొదటిసారి కూడితే 2,150 వచ్చింది. 2,105 రావాలి, తేడా 45. దుకాణాల్లో చిట్టా రాసేవాళ్ల పాత కిటుకు ఇక్కడ పనికొచ్చింది: తేడా 9తో నిశ్శేషంగా భాగిస్తే, ఎక్కడో రెండు అంకెలు తారుమారయ్యాయని ముందు అనుమానించాలి. 45 భాగిస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఆ అంకెల తేడాకి 9 రెట్లు. అంటే ఇక్కడ రెండంకెల మధ్య తేడా 5 ఉన్న చోటు వెతకాలి. తొమ్మిదో గేములో 38 బదులు 83 పడింది. నిమిషంలో దొరికింది. తేడా 9తో భాగించకపోతే ఒక గేము రెండుసార్లు పడి ఉండొచ్చు, లేదా ఒకటి మొత్తానికే ఎగిరిపోయి ఉండొచ్చు. అప్పుడు ఆ తేడా ఏ గేము గజాలతో సమానమో ముందు చూడాలి.

శాండర్స్ 1997: 33, 20, 161, 113, 139, 107, 215, 105, 105, 105, 108, 216, 167, 137, 138, 184. మూడు 105లు వరసగా ఉన్నాయి. కాపీ చేసేటప్పుడు పొరపాటు పడిందేమో అనిపిస్తుంది. కాదు, నిజంగానే మూడు వరస గేముల్లో 105 గజాలు. మొత్తం 2,053 సరిపోయింది కాబట్టి ముట్టుకోకూడదు.

డేవిస్‌కి మొదటి ఏడు గేముల్లోనే 1,001 గజాలు. 15వ గేములో మయామీ మీద 29కే ఆగిపోయాడు, ఆఖరి గేములో సియాటిల్ మీద 178.

5వ రోజు: సగటుల సగటు వేయకూడదు

ప్రతి గేముకీ క్యారీకి ఎన్ని గజాలో లెక్కేసి, ఆ అంకెల సగటు తీస్తే సీజన్ సగటు వస్తుందనిపిస్తుంది. రాదు. శాండర్స్ సీజన్‌ని రెండు ముక్కలు చేస్తే తప్పు కళ్లకి కడుతుంది. మొదటి రెండు గేములు: 25 క్యారీలు, 53 గజాలు, క్యారీకి 2.12. మిగిలిన 14 గేములు: 310 క్యారీలు, సరిగ్గా 2,000 గజాలు, క్యారీకి 6.45. ఈ రెండింటి సగటు తీస్తే 4.29. అసలు సంఖ్య 2,053 ÷ 335, అంటే 6.13. చిన్న ముక్కకీ పెద్ద ముక్కకీ సమాన బరువు ఇచ్చేస్తే వచ్చే తప్పు ఇది. ఎప్పుడూ మొత్తం గజాలని మొత్తం క్యారీలతోనే భాగించాలి.

ఆ 2,000 అన్న అంకె మీద ఇంకాసేపు నిలబడాలి. శాండర్స్ చివరి 14 గేముల్లో 2,000. సింప్సన్ మొత్తం 14 గేముల్లో 2,003. ఇద్దరి మధ్య మూడంటే మూడు గజాలు. శాండర్స్ ఆ 14లో ఒక్క గేములో కూడా వంద లోపు పరిగెత్తలేదు. మొత్తం గజాల జాబితాలో ఇది ఎక్కడా కనపడదు. మా దృష్టిలో పక్కపక్కన పెట్టి చూడాల్సిన జత ఈ ఇద్దరిదే.

7వ రోజు: ప్లే బై ప్లే డేటాతో తలనొప్పులు

లూయిస్, జాన్సన్, పీటర్సన్, హెన్రీ, బార్క్లీ సీజన్లని పాండాస్‌తో తీశాం. ఐదు ఫైళ్లు, సీజన్‌కి ఒకటి. ప్రోగ్రాం మొదటిసారి నడిపినప్పుడు వచ్చిన మొత్తాలు దేనితోనూ కలవలేదు. కారణాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

అన్నిటికంటే పెద్దది ప్లేఆఫ్ గేములు కలిసిపోవడం. అధికారిక సీజన్ రికార్డులో ప్లేఆఫ్‌లు లెక్కకి రావు. సీజన్ రకం అన్న వరసలో రెగ్యులర్ మాత్రమే ఉంచకపోతే బార్క్లీకి 2,504 వస్తుంది. ఆ సంఖ్య కూడా రికార్డే. ప్లేఆఫ్‌లతో కలిపి ఒక సీజన్‌లో అంత ఎవరూ పరిగెత్తలేదు. అంతకుముందు ఆ రికార్డు డేవిస్ 1998లో చేసిన 2,476. కానీ అది వేరే పట్టిక. దీనిలో కలపకూడదు.

రెండోది పేర్లు. పేరుతో వడగడితే ఏడ్రియన్ పీటర్సన్ దగ్గర దెబ్బ తింటాం. అదే పేరుతో, అదే పొజిషన్‌లో ఇంకో ఏడ్రియన్ పీటర్సన్ 2002 నుంచి 2009 వరకు షికాగో బేర్స్‌కి ఆడాడు. 2007 అక్టోబరు 14న ఇద్దరూ ఒకే గేములో ఎదురెదురుగా ఉన్నారు. వైకింగ్స్ పీటర్సన్ ఆ రోజు 224 గజాలు పరిగెత్తాడు. మా పట్టికకి కావలసింది 2012 ఒక్కటే కాబట్టి ఇబ్బంది రాలేదు, కానీ రేపు కెరీర్ మొత్తాలు తీస్తే తప్పకుండా వస్తుంది. పొట్టి పేరు (ఇంటిపేరు ముందు ఒక్క అక్షరం) ఎప్పుడూ నమ్మకూడదు. ఆటగాడి ఐడీ వరసతోనే వడగట్టాలి.

మూడోది రెండు పాయింట్ల ప్రయత్నాలు. టచ్‌డౌన్ తర్వాత కిక్ బదులు పరిగెత్తి రెండు పాయింట్లు తెచ్చుకునే ఆట అది. అధికారిక లెక్కలో క్యారీ కాదు, గజాలూ రావు. వడగట్టకపోతే గజాల మొత్తం సరిగానే ఉండి, క్యారీలు మాత్రం ఒకటో రెండో ఎక్కువ చూపిస్తాయి. అందుకే గజాలు కలిశాయని ఊరుకోకుండా క్యారీలు కూడా మూల పట్టికతో సరిచూడాలి.

పెనాల్టీతో రద్దయిన ఆటల్లో వివరణ వాక్యంలో గజాలు రాసి ఉంటాయి. వాక్యం నుంచి అంకె పీకే ప్రోగ్రాం రాస్తే అవి కూడా కలిసిపోతాయి. గజాల వరసనే వాడాలి, వాక్యాన్ని వద్దు.

క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ఆటగాడు) మోకాలు ఆనించి కాలం గడిపే ఆటలు రన్నింగ్ బ్యాక్ లెక్కని ముట్టుకోవు కానీ టీమ్ మొత్తాన్ని తగ్గిస్తాయి. ఒక ఆటగాడి వాటా తీసేటప్పుడు ఇది గుర్తుండాలి. శాక్‌లు (పాస్ విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొట్టడం) ఇందుకు ఉల్టా. ఎన్‌ఎఫ్ఎల్‌లో శాక్‌లో పోయిన గజాలు పాసింగ్ ఖాతాలోకి వెళ్తాయి, కాలేజీ ఫుట్‌బాల్‌లో రన్నింగ్ ఖాతాలోకి. కాలేజీ డేటా కోసం రాసిన కోడ్‌ని ఇక్కడికి తెచ్చి అతికిస్తే టీమ్ మొత్తాలు తప్పుతాయి.

ఇవన్నీ సరిచేశాక ఐదు సీజన్లూ గజం తేడా లేకుండా కలిశాయి.

8వ రోజు: వారమా, గేమా

చార్ట్ అడ్డ గీత మీద వారం సంఖ్య వేశాం. తప్పు. 1973లో, 1984లో మధ్యలో సెలవు వారం లేదు. అది 1990లో వచ్చింది. బార్క్లీకి 5వ వారం సెలవు. వారాల మీద గీస్తే కొత్త సీజన్ల గీత మధ్యలో ఒకచోట బల్లపరుపుగా సాగి, పాత సీజన్లతో పోలిస్తే వెనకబడినట్టు కనిపిస్తుంది. 2020లో టైటన్స్ నాలుగో వారం గేము కోవిడ్ వల్ల వాయిదా పడి ఏడో వారానికి జరిగింది, అది మరో చిక్కు. అడ్డ గీత మీద ఆ ఆటగాడు ఆడిన గేము సంఖ్య వేశాక అన్నీ సర్దుకున్నాయి.

10వ రోజు: తొమ్మిది గీతలు ఒకదాని మీద ఒకటి

గేము గేముకీ కూడుకుంటూ పోయిన మొత్తాలని చార్ట్ వేస్తే తొమ్మిది గీతలూ కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకి ఒకే జడలా పెనవేసుకుపోయాయి. సింప్సన్ గీత తప్ప ఏదీ విడిగా కనపడలేదు. రంగులు మార్చినా, గీతలు సన్నం చేసినా లాభం లేకపోయింది. నిలువు కొలత 0 నుంచి 2,100 దాకా ఉంటే 50 గజాల తేడా కంటికి ఆనదు. సీజన్ కథంతా ఆ 50 గజాల్లోనే ఉంది.

మందు: మొత్తాన్ని గీయకుండా తేడాని గీయడం. 2,000ని 16తో భాగిస్తే 125. ప్రతి గేము తర్వాతా అప్పటిదాకా వచ్చిన గజాల్లోంచి (125 × గేము సంఖ్య) తీసేయాలి. మిగిలింది ప్లస్ అయితే నిల్వ, మైనస్ అయితే బాకీ. వరసకి ఆ పేర్లే పెట్టాం. సున్నా దగ్గర అడ్డంగా ఒక గీత. పైన ఉంటే 2,000 దారిలో ముందున్నట్టు, కింద ఉంటే వెనకబడినట్టు. నిలువు కొలత −260 నుంచి +260 వరకు చాలు. జడ విడిపోయింది.

12వ రోజు: విడిపోయాక కనిపించినవి

సింప్సన్ గీత సున్నా కిందికి ఒక్కసారీ దిగలేదు. మొదటి గేములోనే 250, అప్పటికి ఒక గేములో అదే రికార్డు. నిల్వ +125తో మొదలైంది. మధ్యలో 55, 79, 99 వచ్చిన గేములు నిల్వని తింటూ పోయి, 11వ గేము తర్వాత +72కి తెచ్చాయి. అదే అతని అట్టడుగు. ఆపైన 137, 219, 200 వచ్చేసరికి +253. న్యూయార్క్ షే స్టేడియంలో మంచులో ఆడిన ఆఖరి గేములో 34 క్యారీలు, 200 గజాలు. ఆ రోజు జిమ్ బ్రౌన్ 1963లో పెట్టిన సీజన్ రికార్డు 1,863 దాటడానికి 61 కావాలి, 2,000కి 197. ఆ ఏడు బఫలో టీమ్ మొత్తం 3,088 గజాలు పరిగెత్తింది, మూడు వేలు దాటిన మొదటి టీమ్ అదే. అందులో సింప్సన్ వాటా దాదాపు 65 శాతం.

పీటర్సన్ గీత అందరికంటే లోతుకి దిగి అక్కణ్ణుంచి లేచింది. 84, 60, 86, 102, 88, 79. ఆరు గేముల తర్వాత 499, అంటే −251 బాకీ. ముందు ఏడాది డిసెంబరు 24న మోకాలి లిగమెంట్ తెగిన ఆటగాడు మళ్లీ ఆడుతున్నాడంటేనే గొప్ప. ఇక్కడ ఎవరైనా ఆపేసి లెక్కేస్తే సీజన్‌కి 1,331 అని చెప్పి ఉండేవాళ్లు. ఆ తర్వాత 153, 123, 182, 171, 108, 210, 154, 212, 86, 199. పది గేముల్లో 1,598. సున్నా గీత దాటింది 14వ గేములో. తొమ్మిది గీతల్లో చార్ట్ మీద మొదట కన్ను పడేది దీని మీదే.

బార్క్లీ గీత వేరే రకం. 11వ గేములో 255 కొట్టి +17కి ఎక్కాడు, ఆ తర్వాత −1, −2. రెండు గేముల పాటు సరిగ్గా గీత మీదే నడిచినట్టు. మళ్లీ −62కి జారి, 150, 167తో +5 దగ్గర ఆగాడు.

హెన్రీ 12వ గేము తర్వాత −183. ఆఖరి గేముకి వచ్చేసరికి −98. అంటే 2,000కి ఆ ఒక్క గేములో 223 కావాలి. హ్యూస్టన్ మీద 34 క్యారీల్లో 250 తీశాడు.

చార్ట్ లేకుండా మాకు తట్టని విషయం ఒకటి బయటపడింది. 15 గేములయ్యాక, ఒక్క గేము మిగిలి ఉండగా, 16 గేములాడిన ఎనిమిది మందిలో ఐదుగురు బాకీలోనే ఉన్నారు: హెన్రీ −98, డేవిస్ −45, బార్క్లీ −37, శాండర్స్ −6, జాన్సన్ −3. నిల్వలో ఉన్నది డికర్సన్ (+132), లూయిస్ (+77), పీటర్సన్ (+23) మాత్రమే. డికర్సన్ అయితే 15వ గేములోనే 215తో 2,007కి చేరి రికార్డు బద్దలుకొట్టేశాడు.

13వ రోజు: 14వ గేము దగ్గర కోత

నిలువుగా ఒక గీత 14 దగ్గర వేసి, అక్కడి అంకెలు రాసుకున్నాం: సింప్సన్ 2,003, పీటర్సన్ 1,812, డేవిస్ 1,801, డికర్సన్ 1,792, లూయిస్ 1,747, శాండర్స్ 1,731, జాన్సన్ 1,730, బార్క్లీ 1,688, హెన్రీ 1,679. సింప్సన్‌కీ రెండో స్థానానికీ మధ్య 191 గజాలు. రెండో స్థానం నుంచి ఆఖరి స్థానానికి 133. అధికారిక జాబితాలో ఆఖరున ఉన్నవాడు ఇక్కడ అందనంత పైన ఉన్నాడు.

14వ రోజు: గేముకి సగటు, గడప కింద ఉండిపోయినవాళ్లు

2,000 అనే గడప పెట్టడం వల్ల బయట మిగిలిపోయిన నాలుగు సీజన్లని కూడా కలిపాం. బ్రౌన్ 1958 (12 గేముల్లో 1,527), బ్రౌన్ 1963 (14లో 1,863), వాల్టర్ పేటన్ 1977 (14లో 1,852), ఎర్ల్ క్యాంప్‌బెల్ 1980 (15లో 1,934). గేముకి సగటు వరసలో ఇప్పుడు పదమూడు: సింప్సన్ 143.1, బ్రౌన్ 1963 133.1, పేటన్ 132.3, డికర్సన్ 131.6, పీటర్సన్ 131.1, లూయిస్ 129.1, క్యాంప్‌బెల్ 128.9, శాండర్స్ 128.3, బ్రౌన్ 1958 127.3, హెన్రీ 126.7, డేవిస్ 125.5, జాన్సన్ 125.4, బార్క్లీ 125.3.

లీగ్ 1961లో 14 గేములకి, 1978లో 16కి, 2021లో 17కి పెరిగింది. 17 గేముల్లో 2,106 రావాలంటే గేముకి 123.9 చాలు. పై పదమూడు సీజన్లలో ప్రతి ఒక్కటీ ఆ వేగం కంటే ఎక్కువే. అంటే వీళ్లలో ఎవరు తమ వేగంతో 17 గేములు ఆడినా డికర్సన్ రికార్డు ఉండదు. ఇప్పటిదాకా ఉందంటే కారణం, ఆ వేగంతో పదిహేడూ ఆడటం ఎవరివల్లా కాకపోవడమే.

ఇక్కడ జాగ్రత్త. వేగాన్ని 17తో హెచ్చవేస్తే వచ్చే సంఖ్యని చార్ట్ మీద గీయలేదు, గీయకూడదు. సింప్సన్‌కి 2,432 వస్తుంది, చూడటానికి బాగుంటుంది కూడా. కానీ ప్రతి అదనపు గేముకీ ఇరవై పాతిక సార్లు ఢీకొట్టించుకోవాలి. డేవిస్ 1998లో 392 క్యారీలకి తోడు ప్లేఆఫ్‌లలో ఇంకో 78 మోశాడు, మొత్తం 470. 1999 నాలుగో గేములో మోకాలు పోయింది. ల్యారీ జాన్సన్ 2006లో క్యాన్సస్ సిటీకి 416 క్యారీలు, ఒక సీజన్‌కి అదే రికార్డు. మరుసటి ఏడాది ఎనిమిది గేములే ఆడగలిగాడు. రెండు ఉదాహరణలతో సూత్రం కట్టలేం. కానీ గేములు పెరిగినంత తేలిగ్గా గజాలు పెరుగుతాయని హెచ్చవేతతో చెప్పడం కూడా సబబు కాదు.

16వ రోజు: ఆ ఏడు రెండోవాడు ఎంత పరిగెత్తాడు

కాలాలు పోల్చడానికి సులువైన కొలబద్ద: అదే సీజన్‌లో రెండో స్థానం. సింప్సన్ 2,003, రెండోవాడు జాన్ బ్రాకింగ్‌టన్ 1,144. అంటే రెండోవాడికి 1.75 రెట్లు. జాన్సన్ 2,006, స్టీవెన్ జాక్సన్ 1,416: 1.42. హెన్రీకి డాల్విన్ కుక్ (1,557), పీటర్సన్‌కి ఆల్‌ఫ్రెడ్ మారిస్ (1,613): ఇద్దరికీ 1.30. డికర్సన్‌కి పేటన్ (1,684): 1.25. శాండర్స్‌కి డేవిస్ (1,750): 1.17. లూయిస్‌కి ఆమాన్ గ్రీన్ (1,883): 1.10. డేవిస్‌కి జమాల్ ఆండర్సన్ (1,846): 1.09. బార్క్లీకి హెన్రీ (1,921): 1.04.

జాన్సన్ ఇంత పైకి రావడం ఈ వరస వేసేదాకా ఊహించలేదు. మొత్తం గజాల్లో కింది నుంచి మూడో స్థానం, గేముకి సగటులో కింది నుంచి రెండో స్థానం. కానీ 2009లో మిగతా లీగ్ అంతా అతనికి 590 గజాల వెనక ఉండిపోయింది. ఈ కొలబద్దకి ఒక లోపం ఉంది: రెండోవాడు ఒక్కడే అసాధారణంగా ఆడితే మొదటివాడు చిన్నబోతాడు. 2024లో హెన్రీ అలాంటివాడే. మొదటి పది మంది మధ్యస్థం తీసి దానితో భాగిస్తే ఇంకా బాగుంటుంది. ఆ వరసకి చోటు వదిలాం, ఇంకా నింపలేదు.

17వ రోజు: పాత రికార్డుల వరస

చార్ట్ పక్కన చిన్న పట్టికగా సీజన్ రికార్డు చేతులు మారిన వరస: క్లిఫ్ బ్యాటిల్స్ 576 (1932), జిమ్ మ్యూసిక్ 809 (1933), బీటీ ఫెదర్స్ 1,004 (1934), స్టీవ్ వాన్ బ్యూరెన్ 1,008 (1947), మళ్లీ అతనే 1,146 (1949), బ్రౌన్ 1,527 (1958), 1,863 (1963), సింప్సన్ 2,003 (1973), డికర్సన్ 2,105 (1984). ఇంతకుముందు ఎక్కువకాలం నిలిచింది ఫెదర్స్ రికార్డు, 13 ఏళ్లు. డికర్సన్‌ది నాలుగు దశాబ్దాలు దాటింది.

ఫెదర్స్ క్యారీల దగ్గర పాత పుస్తకాల్లో 101 (క్యారీకి 9.94), తర్వాతి అధికారిక లెక్కలో 119 (8.44). తర్వాతిదే తీసుకున్నాం. పాత అంకెని సెల్ వ్యాఖ్యలో ఉంచాం, లేకపోతే రేపు ఎవరో 9.94 చూసి మాది తప్పంటారు.

19వ రోజు: ఎనిమిది గజాల ప్రశ్న

డికర్సన్ 2,105, పీటర్సన్ 2,097. తేడా ఎనిమిది. ప్రతి క్యారీనీ లెక్కలో పూర్ణసంఖ్యగానే రాస్తారు. మూడున్నర గజాలు అని ఉండదు. బంతి మొదలైన చోటు, ఆగిన చోటు రెండూ దగ్గరి గజం గీతకి సర్దుతారు. ఒక్కో చోట తప్పు అటూ ఇటూ అర గజం దాకా ఉండొచ్చు. ఆ లెక్కన ఒక క్యారీకి ప్రామాణిక విచలనం (తప్పు మామూలుగా ఎంత ఉంటుందో చెప్పే కొలత) సుమారు 0.41 గజం. 348 క్యారీలకి ఆ తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకోగా మిగిలేది 0.41 × √348, దాదాపు 7.6 గజాలు. డికర్సన్ 379 క్యారీలకి దాదాపు 8.

వరస క్యారీల్లో ఒకటి ఆగిన చోటే తర్వాతిది మొదలవుతుంది కాబట్టి కొంత తప్పు తనంతట తనే రద్దవుతుంది. అసలు సంఖ్య ఇంకా తక్కువే ఉంటుంది. అయినా ఎనిమిది గజాల తేడా కొలత గరుకుతనంతో పోల్చదగినంత చిన్నది. రికార్డు రికార్డే, పుస్తకంలో ఉన్నదే లెక్క. చార్ట్ మీద మాత్రం ఆ రెండు గీతల చివర్లని సన్నటి ముల్లులా కాకుండా ఎనిమిది గజాల వెడల్పు చుక్కగా గీశాం.

20వ రోజు: చార్ట్ మీద ఆఖరి గమనిక

ప్రతి గీత చివరా ఒక్క వాక్యం గమనిక పెట్టాం. పీటర్సన్ గీతకి పెట్టింది ఒక్కటే రెండు వాక్యాలైంది. 2012 డిసెంబరు 30, గ్రీన్ బే మీద ఆఖరి గేము, స్కోరు సమం. చివరి క్యారీలో పీటర్సన్ 26 గజాలు పరిగెత్తి 2,097కి చేరాడు, వెంటనే కిక్కర్ బ్లెయిర్ వాల్ష్ 29 గజాల ఫీల్డ్ గోల్ (బంతిని తన్ని గోల్ స్తంభాల మధ్య నుంచి పంపడం) కొట్టాడు, 37-34, టైమ్ అయిపోయింది. 29 గజాల కిక్ అంటే అందులో ఎండ్ జోన్ (గోల్ గీత వెనకున్న చోటు) 10, బంతి వెనక్కి అందించే దూరం ఏడో ఎనిమిదో పోగా, గోల్ గీతకి మిగిలింది పదకొండో పన్నెండో. రికార్డుకి కావలసింది తొమ్మిది. మైదానం ఉంది, ప్లేఆఫ్ చోటు కోసం గెలవాల్సిన గేము, టీమ్ కిక్ తీసుకుంది. ఆ చుక్కని చార్ట్ మీద +97 దగ్గర ఖాళీ వృత్తంగా ఉంచాం.